ప్రయోగం చేసే చేయి ఎవరిది? సీసాలు కడిగే చేయి ఎవరిది?

ఖరగ్‌పూర్ పేరు చెప్పగానే బయటివాళ్ళకు రెండు గుర్తొస్తాయి. ఒకటి, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడ్డ, కిలోమీటరు దాటిన రైల్వే ప్లాట్‌ఫారం. రెండోది, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో మొదలైన దేశపు తొలి ఐఐటి. ఈ రెంటి మధ్య రైల్వే క్వార్టర్లలో, బస్తీల్లో తరతరాలుగా బతుకుతున్న తెలుగువాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర పల్లెల జనం ఇక్కడికి వచ్చి పట్టాలు వేశారు, వర్క్‌షాప్‌లో ఇనుము కొట్టారు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, దాని వెనక ఈ ఊరి తెలుగు శ్రామికుల చరిత్ర ఉంది.

మా తాత పలాస వైపు నుంచి గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. మా నాన్న వర్క్‌షాప్‌లో ఖలాసీగా చేరి ఫిట్టర్‌గా రిటైరయ్యాడు. నేను ఫిజిక్స్ చదివి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. సెలవులకు ఊరెళ్ళినప్పుడల్లా బస్తీ పిల్లలతో టీ కప్పులు, చింతపండు, పసుపు, దారం వంటివాటితో ప్రయోగాలు చేయిస్తుంటాను. ఇలాంటి ప్రయోగాల గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఒకటే కారణం చెబుతారు: మన బళ్ళకు డబ్బు లేదు కాబట్టి ఖర్చులేని సైన్స్ కావాలి అని. ఆ కారణం నాకు చాలదు. మన బళ్ళలో సైన్స్ బట్టీ పాఠంగా మిగిలిపోవడానికి డబ్బు లేకపోవడం ఒక కారణం మాత్రమే. అంతకంటే పాత కారణం ఇంకొకటి ఉంది. వస్తువును ముట్టుకునే చేతిని, దాని గురించి ప్రశ్న అడిగే హక్కును ఈ దేశంలో కులం విడదీసింది. చేతులతో చేసే సైన్స్‌ను ఈ కోణంలో చూడకపోతే అది కూడా మరో సెలవుల శిబిరం అయిపోతుంది.

రెండు జతల టీ కప్పులు

ఖరగ్‌పూర్ పిల్లలతో నేను మొదట చేయించేది రైలు చక్రం ప్రయోగం. నాలుగు కాగితం టీ కప్పులు, టేపు, రెండు వెదురు బద్దలు చాలు. రెండు కప్పులను మూతికి మూతి ఆనించి అతికించాలి. నడుమ లావుగా, చివర్లు సన్నగా ఉన్న జోడు తయారవుతుంది. మిగతా రెండింటిని అడుగుకు అడుగు ఆనించి అతికించాలి. ఇది నడుమ సన్నం, చివర్లు లావు. వెదురు బద్దలను పట్టాల్లాగా సమాంతరంగా, కప్పుల జోడు పొడవు కంటే తక్కువ ఎడంతో, ఒక వైపు పుస్తకాల మీద ఎత్తి ఏటవాలుగా పెట్టాలి. పైనుంచి ఒక్కో జోడును వదలాలి.

అడుగుకు అడుగు అతికించిన జోడు కాస్త పక్కకు జరిగిందంటే ఇంకా పక్కకే పోయి కింద పడుతుంది. మూతికి మూతి అతికించింది మాత్రం కొంచెం వంకరగా వదిలినా అటూ ఇటూ ఊగుతూ, దానంతటదే నడుమకు సర్దుకుంటూ కింది దాకా దిగుతుంది. పిల్లలు పదిసార్లు వదిలి చూస్తారు, కావాలని వంకరగా పెట్టి చూస్తారు. అప్పుడు గాని అసలు ప్రశ్న రాదు: "ఇదెందుకు పడిపోనేదు సార్?"

జవాబు వాళ్ళే వెతుకుతారు. జోడు ఎడమకు జరిగితే ఎడమ పట్టా మీదకు లావు భాగం వస్తుంది, కుడి పట్టా మీదకు సన్న భాగం. రెండూ కలిసే తిరుగుతాయి కాబట్టి ఒక చుట్టులో లావు భాగం ఎక్కువ దూరం పోతుంది. ఎడమ పక్క ముందుకు పోయి జోడు మొత్తం కుడికి మళ్ళుతుంది. రైలు చక్రం కూడా ఇంతే. పట్టా మీద ఆనే దాని తలం చదునుగా ఉండదు, 20కి 1 చొప్పున వాలుగా కోస్తారు. రెండు చక్రాలు ఒకే ఇరుసుకు బిగించి ఉన్నా మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోగలిగేది ఈ వాలు వల్లే. చక్రం లోపలి అంచు పట్టా దాటకుండా ఆపుతుందని అందరూ అనుకుంటారు. అది ఆఖరి కాపలా. రోజూ పని చేసేది వాలు.

ఈ ప్రయోగం అయ్యాక ఒకసారి ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి, "మా నాన్న లేత్ మీద సక్రాలకి కోసేది ఈ వాలే సార్" అంది. మరునాడు వచ్చి, చక్రానికి గేజీ ఆనించి వాలు సరిగ్గా ఉందో లేదో ఎలా చూస్తారో అందరికీ చేసి చూపించింది. రాత్రి తండ్రిని కూర్చోబెట్టి అడిగిందట. ఆ పనిలో ఇంతకాలం ఉన్నా ఆయనను ఎవరైనా పని గురించి ప్రశ్న అడగడం బహుశా అదే మొదటిసారి. తండ్రికి కొలత తెలుసు, కూతురికి ఇప్పుడు కారణం తెలిసింది. ఈ రెండూ ఒకే ఇంట్లో కలవడానికి ఇంతకాలం ఎందుకు పట్టిందన్నదే నా ప్రశ్న.

కొట్టి చూసే విద్య

సంతలో కుండ కొనే ముసలమ్మ వేలి కణుపుతో దాన్ని కొట్టి చూస్తుంది. ఖంగుమంటే కొంటుంది, బొదబొదలాడితే పక్కన పెడుతుంది. పగులు ఉన్నచోట కంపనం ఆగిపోతుంది కాబట్టి ధ్వని మారుతుంది. రైల్వేలో ఒకప్పుడు సుత్తితో చక్రాలు కొట్టుకుంటూ రైలు పొడవునా నడిచే మనుషులు చేసిందీ ఇదే. బెంగాల్‌లో ఇప్పటికీ టీ మట్టి ముంతల్లో పోస్తారు. మంచి ముంత ఒకటి, సన్నటి పగులున్న ముంత ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకున్న పిల్లల ముందు చెంచాతో కొట్టి ఏది ఏదో చెప్పమనండి. ధ్వని పాఠం అక్కడే మొదలవుతుంది.

పట్టాల మధ్య వదిలే సందుల సంగతి కూడా అంతే. ఉక్కు మీటరు పొడవుకు, ఒక డిగ్రీ వేడికి, మీటరులో పది లక్షల వంతులు చేస్తే సుమారు 12 వంతులు సాగుతుంది. 13 మీటర్ల పట్టా 40 డిగ్రీల తేడాకు ఎంత సాగుతుందో లెక్క వేయమంటే పిల్లలు 6 మిల్లీమీటర్లకు కాస్త పైన అని తేలుస్తారు. స్వెటర్ అల్లే ఇనుప సూదిని ఒక చివర బరువు పెట్టి కదలకుండా చేసి, రెండో చివర కింద గుండుసూదికి గుచ్చిన చీపురు పుల్లను పెట్టి, కొవ్వొత్తితో వేడి చేస్తే ఆ పుల్ల తిరగడం కంటితో చూడొచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం పట్టాల వెంట నడిచే కీమన్ చూస్తున్నది ఈ సాగుడునే. ఆ నడక మా తాత కాళ్ళకు తెలుసు. దాన్ని ఫిజిక్స్ అంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

చౌడు, కుంకుడు, అన్నభేది

రసాయన శాస్త్రం వైపు వస్తే మన వాడలన్నీ ప్రయోగశాలలే. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీటి చుక్క వేస్తే ఎర్రబారుతుంది. చౌడుమట్టి కలిపిన నీళ్ళ తేట వేసినా ఎర్రబారుతుంది. చౌడులో సోడియం కార్బనేటు, బైకార్బనేటు వంటి క్షార లవణాలు ఉంటాయి. సబ్బు ఫ్యాక్టరీలు రాకముందు ఊళ్ళ బట్టలన్నీ తెల్లబడింది ఈ మట్టితోనే. ఏ చేనిగట్టు మట్టి మురికి వదలగొడుతుందో, ఎంతసేపు ఉడకబెట్టాలో కనిపెట్టి తరాలపాటు కాపాడింది చాకలి స్త్రీలు. నీటి మీద మిరియాల పొడి చల్లి, కుంకుడు రసంలో ముంచిన వేలు మధ్యలో పెడితే పొడి ఒక్కసారిగా అంచులకు పారిపోతుంది. తలతన్యత పాఠానికి ఇంతకన్నా మంచి ఆరంభం నాకు తెలియదు.

ఇంకొకటి. పాలు కలపని టీ డికాక్షన్‌లో, బళ్ళలో వారానికొకటి ఇచ్చే ఐరన్ మాత్రను పైపూత కడిగేసి, పొడి చేసి కలపండి. ఈ పని మాత్రం టీచరే చేయాలి, మాత్రలు పిల్లల చేతికి వదలకూడదు. టీ నల్లగా మారుతుంది. టీలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లటి పదార్థం అవుతుంది. నిమ్మకాయ పిండితే నలుపు చాలావరకు విరిగిపోతుంది. రక్తహీనతకు మాత్ర వేసుకున్న ఆడపిల్ల వెంటనే టీ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదని, నిమ్మరసం తాగితే బాగా పడుతుందని ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. గ్లాసు చూస్తే తెలుస్తుంది.

ఆ మాత్రలోని ఫెర్రస్ సల్ఫేటుకు మన భాషలో పాత పేరు అన్నభేది. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి చేసిన సిరాతో ఈ దేశంలో ఎన్నో రాతలు రాశారు. అదే కరక్కాయతో, తంగేడు చెక్కతో మాదిగలు తోలు ఊనారు. అదే టానిన్‌కు ఇనుము తగిలించి తోలుకు నలుపు వేశారు. ఒకే రసాయన చర్య. సిరా చేసి రాసినవాడు పండితుడయ్యాడు, తోలు ఊనినవాడు అంటరానివాడయ్యాడు. కెమిస్ట్రీ పాఠంలో ఈ మాట చెప్పకుండా టానిన్ గురించి చెప్పడం సగం పాఠం దాచడమే.

విడదీసింది ఎవరు?

ఇది నా ఊహ కాదు. ఆధునిక భారత రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్, 1902, 1909లలో రెండు సంపుటాలుగా తెచ్చిన హిందూ రసాయన శాస్త్ర చరిత్రలో ఈ ప్రశ్నే వేశారు. ఒకప్పుడు ఇంత నైపుణ్యం ఉన్న దేశంలో శాస్త్ర దృష్టి ఎందుకు క్షీణించిందని అడిగి, కుల వ్యవస్థ వల్ల చేతిపనులు కింది కులాలకే పరిమితమై, చదువుకున్న వర్గాలు వాటికి దూరం కావడం వల్ల "ఎలా", "ఎందుకు" అనే ప్రశ్నలే అంతరించాయని ఆయన వాదించారు. కులం శ్రమ విభజన మాత్రమే కాదని, శ్రామికులనే మెట్లుమెట్లుగా విభజించేదని 1936లో 'కుల నిర్మూలన'లో బాబాసాహెబ్ చెప్పిన మాటను ఈ చరిత్ర పక్కన పెట్టి చదవాలి. పని చేసేవాడికి పుస్తకం నిషేధం, పుస్తకం చదివేవాడికి పని మైల. ఇక ప్రయోగం ఎవరు చేస్తారు?

ప్రఫుల్ల చంద్ర రాయ్ దగ్గర చదువుకున్న మేఘనాథ్ సాహా జీవితం దీనికి ఇంకో సాక్ష్యం. ఢాకా దగ్గరి పల్లెలో ఒక చిన్న దుకాణదారు కొడుకు. కలకత్తాలో ఈడెన్ హిందూ హాస్టల్లో పై కులాల విద్యార్థులు తమతో కలిసి తినడానికి ఆయనను ఒప్పుకోలేదు. 1920లో నక్షత్రాల కాంతిని చదివే అయనీకరణ సమీకరణాన్ని ప్రపంచానికి ఇచ్చింది ఆ విద్యార్థే.

రైల్వేకు వస్తే, 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ ఈ విషయాన్ని సూటిగా చెప్పారు. అంటరాని కార్మికుడు జీవితాంతం గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతున్నాడని, పోర్టరు ఉద్యోగం కూడా దక్కడం లేదని, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పని కూడా చేయాల్సి వస్తుందని ఆయన ఎత్తి చూపారు. ఉక్కు రైలు కూడా కులాన్ని ఎక్కించుకునే నడిచింది. అదే రైలు ఊళ్ళో ఐఐటి 1951లో వచ్చింది గాని, ఐఐటి ప్రవేశాల్లో షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు రిజర్వేషన్లు 1973లో గాని రాలేదు. అన్నేళ్ళూ ఆ గేటు లోపలి యంత్రాలకు, గేటు బయటి చేతులకు మధ్య ఉన్నది కొద్ది కిలోమీటర్ల దూరం మాత్రమే కాదు.

ఈ విభజన తరగతి గదిలో ఇంకా ఉంది. నేను చదివిన బడిలో లేబొరేటరీకి ఏడాదంతా తాళమే. ప్రాక్టికల్ పరీక్షకు ముందు తెరిచేవారు. దుమ్ము దులపడానికి, సీసాలు కడగడానికి పిలిచే పేర్లు మా బస్తీ పిల్లలవి. రీడింగ్ తీసేది, బోర్డు దగ్గర నిలబడి చెప్పేది వేరే పిల్లలు. పాత రికార్డు చూసి కొత్త రికార్డు నింపించేవారు. ఇప్పుడు నా కాలేజీలో కూడా నలుగురి బృందాన్ని స్వేచ్ఛగా వదిలితే ఏమవుతుందో చూస్తున్నాను. కొంతమంది చేతులు సహజంగా పెన్ను వైపు పోతాయి, కొంతమంది చేతులు గుడ్డ వైపు. ఆ "సహజం" వెనక రెండు వేల ఏళ్ళ శిక్షణ ఉంది.

రెండు ప్రమాదాలు

ఇక్కడ ఇద్దరు మనల్ని అడ్డగిస్తారు. మొదటివాళ్ళు మన మాటనే తీసుకుని, అయితే పిల్లలకు తాతల వృత్తులే నేర్పుదాం అంటారు. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ తెచ్చిన పథకం ఇదే: సగం పూట బడి, సగం పూట తల్లిదండ్రుల వృత్తి. కుల విద్య అని జనం దాన్ని తిప్పికొట్టారు, 1954లో అది రద్దయింది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి స్థానిక వృత్తిదారుల దగ్గర నేర్చుకునే అవకాశం గురించి మాట్లాడుతుంది. మంచిదే, ఒక ప్రశ్నకు జవాబు దొరికితే. కుమ్మరి పిల్ల కుండ చేయడం నేర్చుకుని వస్తుందా, లేక బ్రాహ్మణ పిల్లవాడు మట్టి పిసికి, కుమ్మరి పిల్ల ఆ మట్టిలో నీరెందుకు చల్లబడుతుందో కొలిచి బోర్డు మీద రాస్తుందా? మొదటిది కులాన్ని కొనసాగిస్తుంది. రెండోది దాన్ని తలకిందులు చేస్తుంది.

మన వృత్తుల్లో జ్ఞానం ఉందంటే ఆ వృత్తులు గొప్పవని, అక్కడే ఉండిపోదామని అర్థం కాదు. సున్నపు గుంటల్లో చేతులు ఒరుసుకుపోయిన మాదిగ తాతకు ఆ రసాయన శాస్త్రం ఎంత ఖరీదు పడిందో మనకు తెలుసు. మనుషులను మలం ఎత్తే పనిలోకి తోసిన దాంట్లో వెతకాల్సిన జ్ఞానమేమీ లేదు, అక్కడ నేరం మాత్రమే ఉంది. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' ఈ తేడాను చూపిస్తూనే ఉత్పత్తి కులాల సైన్స్‌ను పాఠంగా మార్చింది. ఆ పుస్తకం మన టీచర్ల శిక్షణ కాలేజీల్లో ఉండాల్సింది.

రెండోవాళ్ళు పొదుపు మాట చెబుతారు. టీ కప్పులతో సైన్స్ వచ్చేస్తుంటే పేదల బడికి లేబొరేటరీ ఎందుకని. అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకంలో ఎంపికైన ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్న దేశంలో మనకు మాత్రం చెత్త నుంచి సైన్స్ చాలంటే ఒప్పుకునేది లేదు. టీ కప్పు ప్రశ్న పుట్టిస్తుంది. ఆ ప్రశ్న వెంట వెళ్ళడానికి సూక్ష్మదర్శిని, తక్కెడ, మల్టీమీటరు కావాలి. తర్వాత ఐఐటి లోపలి యంత్రం కూడా కావాలి. తక్కువ ఖర్చు ఆరంభానికే గాని హద్దుగా ఉండకూడదు.

ఏం చేయాలి?

మన దగ్గర ఒక అనుభవం ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బళ్ళలో ఒక సైన్స్ బోధన కార్యక్రమం మొదలైంది. పిల్లలు స్వయంగా ప్రయోగాలు చేసి నేర్చుకున్నారు. పరీక్షల్లో పుస్తకం తెరుచుకోవచ్చు, ప్రయోగానికి మార్కులుండేవి. ఐఐటి కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, సైకిల్ వాల్వ్ ట్యూబుతో బొమ్మలు చేయడం 1978లో అక్కడే మొదలుపెట్టారు. ఆ కార్యక్రమం వందలాది ప్రభుత్వ బళ్ళకు పాకింది. 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని మూసేసింది. 2018లో అరవింద్ గుప్తాకు పద్మశ్రీ వచ్చింది. వ్యక్తికి గౌరవం, పద్ధతికి తాళం. మనం అడగాల్సింది పద్ధతిని.

ఇది చదువుతున్న విద్యార్థులకు, పరిశోధకులకు, టీచర్లకు నా ప్రతిపాదనలు నాలుగు.

ఒకటి, ప్రతి ప్రయోగ బృందంలో పనులు వంతులవారీగా మారాలి. ఈ వారం కొలిచినవాళ్ళు వచ్చే వారం కడగాలి, కడిగినవాళ్ళు వివరించాలి. ఈ వంతుల పట్టిక గోడ మీద ఉండాలి. కులం, లింగం రెండూ ఇక్కడే బయటపడతాయి, ఇక్కడే విరగ్గొట్టాలి.

రెండు, వీల్ షాప్ కార్మికుడిని, చాకలి వృత్తిలో ఉన్న స్త్రీని, చెప్పులు కుట్టే మనిషిని తరగతికి పిలవాలి. ప్రదర్శన వస్తువుగా కాదు, ప్రశ్నలకు జవాబు చెప్పే గురువుగా. అతిథి ప్రొఫెసర్‌కు ఇచ్చే గౌరవ వేతనమే ఇవ్వాలి, అదే కుర్చీలో కూర్చోబెట్టాలి. ఈ ఒక్క షరతు పెడితే ఎన్ని విద్యాసంస్థలు వెనక్కి తగ్గుతాయో చూడొచ్చు.

మూడు, చేసి చూపినదానికి మార్కులు ఉండాలి. నింపిన రికార్డుకు మార్కులు ఇచ్చినంత కాలం లేబొరేటరీ తాళం తెరుచుకోదు.

నాలుగు, ఖరగ్‌పూర్ వంటి చోట్ల క్యాంపస్‌లలో ఉన్న మన విద్యార్థులు గేటు దాటి బస్తీలకు రావాలి. వచ్చేటప్పుడు స్లయిడ్లు తేవొద్దు, ప్రశ్నలు తెండి. ఇక్కడి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ మాట్లాడుతూ ఇంగ్లీషు పుస్తకంలో సైన్స్ చదువుతున్నారు. ఏ భాషలో చెప్పినా ఆ కప్పు అలాగే దొర్లుతుంది. వాళ్ళు చూసినదాన్ని వాళ్ళ తెలుగులో రాయించి దాచండి. రేపటి పాఠ్యపుస్తకానికి ముడిసరుకు అదే.

రాజ్యాంగం 51ఎ అధికరణం ప్రతి పౌరుడికీ శాస్త్రీయ దృక్పథాన్ని, ప్రశ్నించే స్వభావాన్ని పెంచుకోవడం విధిగా చెప్పింది. కార్ల్ సాగన్‌లాగా సైన్స్ రచయిత కావాలని కలగన్న రోహిత్ వేముల 2016 జనవరిలో మనకు లేకుండా పోయాడు. ప్రశ్నించడాన్ని విధిగా రాసుకున్న దేశం, ప్రశ్నించిన మన పిల్లలకు ఏమిచ్చిందో ఆ పేరు గుర్తు చేస్తూనే ఉంటుంది.

ప్రయోగానికి ఉన్న గొప్ప గుణం ఒకటే. చేసింది ఎవరని అది అడగదు. గోత్రం చెప్పినా చెప్పకపోయినా పసుపు కాగితం ఎర్రబడుతుంది. శాస్త్రం చెప్పిందని ఒప్పుకోనక్కర్లేదు, నువ్వే చేసి చూడు అనే ఈ మాట కులానికి నచ్చదు. అందుకే అది మన బళ్ళలో, మన భాషలో, మన పిల్లల చేతుల్లో జరగాలి.

జై భీమ్.